రిక్వైర్‌మెంట్ల పునర్వినియోగం: 75 శాతం నిజమేనా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో బిజినెస్ అనలిస్టును. తమిళనాడులోని క్లయింటు కోసం చేస్తున్న పేరోల్ (జీతాల లెక్క) ప్రాజెక్టులో 200 రిక్వైర్‌మెంట్లు, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే అంశాలు, ఉన్నాయి. వాటిలో 150 మా పాత తెలంగాణ ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్నవే కాబట్టి పునర్వినియోగం 75 శాతమని మేనేజరు గారు నివేదికలో రాశారు. పని మాత్రం ఆ మేరకు తగ్గలేదు. లెక్కలో పొరపాటు ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు

జవాబు: భాగహారంలో పొరపాటు లేదు, దేన్ని పునర్వినియోగం అనుకున్నారన్న దగ్గరే ఉంది. పాత పత్రం నుంచి కాపీ చేసిన ప్రతి వాక్యాన్నీ ఆ ఖాతాలో వేస్తే, మళ్లీ చేయాల్సి వచ్చిన పనంతా లెక్కలో కనబడకుండా పోతుంది.

వృత్తి పన్నునే తీసుకోండి. తెలంగాణలో జీతం నెలకు 20,000 రూపాయలు దాటిన ఉద్యోగికి నెలనెలా 200 రూపాయలు కోస్తారు. ఇలాగే నెలవారీగా కోసే మరో రాష్ట్రానికి వెళ్తే స్లాబులు మారుస్తే చాలు. తమిళనాడులో అలా కుదరదు. అక్కడ స్థానిక సంస్థలు ఆరు నెలల ఆదాయాన్ని బట్టి ఆరు నెలలకోసారి ఈ పన్ను వసూలు చేస్తాయి కనుక, మధ్యలో చేరినవారికీ మానేసినవారికీ ఎలా లెక్కకట్టాలన్నది మొదటి నుంచి ఆలోచించాలి, టెస్ట్ కేసులూ (సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో చూసే పరీక్షలు) కొత్తగా రాయాలి. ఇక ఏడాదికి ఒక వ్యక్తి నుంచి 2,500 రూపాయలకు మించి వసూలు చేయరాదన్న పరిమితి రాజ్యాంగంలోని 276వ అధికరణం పెట్టినది కాబట్టి, ఆ రిక్వైర్‌మెంటు అక్షరం మార్చకుండా పనికొస్తుంది.

అందుచేత మీ 150ని మూడుగా విడదీయండి: యథాతథంగా వాడినవి, విలువలు మాత్రమే మారినవి, లెక్కించే తీరే మారినవి. ఉదాహరణకు అవి వరుసగా 70, 30, 50 అయితే, మొదటి రెండింటినే లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు వచ్చేది 50 శాతం. మూడో రకాన్ని ఎంతో కొంత కలపాలని కొందరు వాదిస్తారు గానీ, ఆ 'ఎంతో కొంత' ఎవరికి తోచినట్టు వారు వేసుకునే అంకె అవుతుంది కనుక నేను ఒప్పుకోను.

ఈ విభజన సరైనదో కాదో టెస్ట్ కేసులే చెబుతాయి. యథాతథమని రాసిన రిక్వైర్‌మెంటుకు పాత టెస్ట్ కేసును దిద్దాల్సి వచ్చిందంటే అది ఆ వరుసలోది కాదు. అయితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే ఇలా సరిచూడగలరు కాబట్టి, ఎక్సెల్ షీటులో పాత రిక్వైర్‌మెంటు నంబరుకు ఒక గడి ఈ వారమే పెట్టండి.