నడుం నొప్పి ఉంటే ఏ బేస్ గిటార్ కొనాలి?

ప్రశ్న: మాది విజయవాడ. వయసు 46. ఇరవై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తున్నాను, ఆదివారాలు చర్చిలో కూడా. ఇప్పుడున్నది నాలుగు తీగలది, 4.6 కిలోలు. రిసెప్షన్‌లో మూడు గంటలు నిలబడేసరికి ఎడమ భుజం కింద పట్టేస్తోంది. మర్నాడు పొద్దున నడుం వంగదు. డాక్టరు గారు బరువు తగ్గించమన్నారు, నాది కాదండీ, గిటార్‌ది. షాపుల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఎంత బరువుంటే మేలు? దేన్ని కొనాలి?

జవాబు: మూడున్నర కిలోల లోపు చూడండి. 3.2కి అటూ ఇటూ దొరికితే ఇంకా మంచిది. మీ నడుముకు 4 కిలోలు దాటింది వద్దు, అది ఎంత బాగా మోగినా సరే. కానీ ఈ అంకె ఒక్కటే పట్టుకుని షాపుకెళ్తే దెబ్బతింటారు. తేలికైన బాడీకి బరువైన నెక్ (పొడుగాటి మెడ భాగం) ఉంటే చెయ్యి వదలగానే హెడ్ (నెక్ చివర తీగలు బిగించే భాగం) నేల వైపు వాలిపోతుంది. దాన్ని ఎత్తి పట్టుకునే చాకిరీ ఎడమచేతి మీద పడుతుంది. భుజం బిగుసుకుంటుంది, ఒళ్లు ఒక పక్కకి ఒరుగుతుంది. అలా వాలే 3 కిలోల గిటార్ కన్నా, వదిలేసినా కదలని 3.7 కిలోల గిటార్ మీ వెన్నుకు సుఖం. అంటే తూకంతో పాటు తూగు కూడా చూడాలి.

తూగు చూడటం సులువే. స్ట్రాప్ వేసుకుని నిలబడండి, నెక్‌ను కాస్త పైకి పెట్టి రెండు చేతులూ తీసేయండి. ఉన్నచోటే ఉంటే కొనొచ్చు. నెమ్మదిగా జారి నేలకు సమాంతరంగా ఆగినా ఫరవాలేదు. అంతకన్నా కిందికి దిగితే వద్దు. ఈ పరీక్షకు జారే సిల్కు చొక్కా, పల్చటి నైలాన్ స్ట్రాప్ వాడండి. నూలు చొక్కా మీద గరుకు తోలు స్ట్రాప్ పట్టేసి లోపాన్ని దాచేస్తుంది.

వాలడానికి కారణం ఎక్కువగా బాడీ పై కొమ్ములో ఉంటుంది. స్ట్రాప్ తగిలించే గుండీ 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దరిదాపుల దాకా వస్తే గిటార్ సాధారణంగా తూగుతుంది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్‌కీ, 1960 నాటి జాజ్ బేస్‌కీ పొడుగాటి పై కొమ్ము ఉన్నది ఇందుకే. గిబ్సన్ ఈబీ వరస, థండర్‌బర్డ్ వాలడంలో పేరుమోసినవి. వాటిలో గుండీ వెనక్కి ఉంటుంది.

ఇక చెక్క. ఒకే ఆకారం బాడీని వేర్వేరు చెక్కలతో కోస్తే ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి. బాడీలో నాలుగున్నర వేల ఘన సెంటీమీటర్ల చెక్క ఉందనుకుంటే, పౌలోనియా అయితే సుమారు 1.3 కిలోలు, ఆల్డర్ 2, టేకు 2.9, రోజ్‌వుడ్ 3.7. మన దగ్గర చేయించుకునేవాళ్లు టేకు, రోజ్‌వుడ్ అంటే మోజు పడతారు. చూడ్డానికి అందమే, మీకు మాత్రం పనికిరాదు. ఆల్డర్, బాస్‌వుడ్, ఒకౌమే అడగండి. పౌలోనియా మరీ మెత్తన, స్క్రూలు ఊడొస్తాయి. బాడీ అంత తేలికైతే నెక్ వాలడం కూడా ఖాయం.

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు గిటార్లు రెండు తీసి తూచినా అరకిలో తేడా రావచ్చు. చెట్టు చెట్టుకీ సాంద్రత మారుతుంది కదా. అందుకే కేటలాగులోని బరువును నమ్మకండి. సామాన్లు తూచే హుక్కు కాటా వెంట తీసుకెళ్లండి, స్ట్రాప్‌తో వేలాడదీసి తూచండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే సీరియల్ నంబరు కనబడేలా కాటా మీద పెట్టి ఫొటో పంపమనండి. పంపనన్నవాడి దగ్గర కొనకపోతే నష్టమేమీ లేదు.

మోడల్ పేరు చెప్పమంటే, మీ పనికి మొదట చూడాల్సింది ఇబానెజ్ ఎస్ఆర్ వరస నాలుగు తీగలది. బాడీ పల్చన, నెక్ సన్నం, బరువు చాలావరకు మూడున్నర కిలోల చుట్టూ ఉంటుంది. స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలే కాబట్టి చేతికి కొత్తగా అనిపించదు. ఐదు తీగలది వద్దు. నెక్ వెడల్పు, అదనపు కీ (తీగ బిగించే మర), తీగ కలిసి మూడు నాలుగు వందల గ్రాములు పెరుగుతాయి, అందులో చాలా భాగం హెడ్ వైపే. కింది స్వరాలు తప్పనిసరైతే నాలుగు తీగల గిటార్‌కే ఐదు తీగల సెట్‌లోని లావు నాలుగు తీగలూ వేసి బీ, ఈ, ఏ, డీ శ్రుతి చేసుకోవచ్చు. కాకపోతే నట్ (హెడ్ దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడులు వెడల్పు చేయించాలి, ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) మళ్లీ సరిచేయించాలి.

ఒక్క మాట. కాలులోకి తిమ్మిరి దిగుతున్నా, పాదం పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా గిటార్ సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: షార్ట్ స్కేల్ బేస్ తీసుకోమని మా సార్ అంటున్నారు. అవి పిల్లల గిటార్లని స్నేహితులు నవ్వుతున్నారు. శబ్దం పలచబడుతుందా? (హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: హాఫ్‌నర్ 500/1 స్కేలు 30 అంగుళాలే. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్నది అదే. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి రెండున్నర కిలోలకు లోపే తూగుతుంది. ఫెండర్ మస్టాంగ్ బేస్ కూడా 30 అంగుళాలే, 1966లో వచ్చింది. నవ్వేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

లాభం బరువులోనే కాదు. నట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దూరం 34 అంగుళాల గిటార్ మీద 178 మిల్లీమీటర్లు, 30 మీద 157. ఆ రెండు సెంటీమీటర్ల వల్ల ఎడమ మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంటుంది, భుజం ముందుకు సాగదు.

నష్టం అన్నిటికన్నా లావైన ‘ఈ’ (E) తీగ దగ్గర తెలుస్తుంది. అదే తీగను అదే శ్రుతిలో పెడితే బిగువు స్కేలు వర్గాన్ని బట్టి మారుతుంది. 30ని 34తో భాగించి వర్గం చేస్తే 0.78. అంటే బిగువు 22 శాతం పడిపోతుంది. తీగ వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటుంది, గట్టిగా మీటితే శ్రుతి ఒక్క క్షణం పైకి ఎగురుతుంది. లావు తీగ మందం 100 (అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉన్న సెట్ అయితే 105కి మార్చండి, లేదా ఫ్లాట్‌వూండ్ (చదును చుట్టు తీగలు) వేయండి. కొంచెం మెల్లగా మీటడం కూడా అలవాటు చేసుకోండి. ధ్వని పలచబడదు, గుండ్రంగా వస్తుంది. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయించేవాళ్లకు నచ్చకపోవచ్చు.

ప్యాకెట్ మీద షార్ట్ స్కేల్ అని ఉన్న తీగలే కొనండి. పొడుగు తీగను కత్తిరించి వేస్తే దాని లావు భాగం కీ చుట్టూ తిరగాల్సి వస్తుంది. అక్కడ చుట్టు విచ్చుకుంటుంది, తీగ చచ్చుగా మోగుతుంది. తప్పక కత్తిరించాల్సి వస్తే ముందు ఆ చోట తొంభై డిగ్రీలు వంచి, వంపుకు అవతల కత్తిరించండి.

బోలు బాడీ గిటార్‌తో మానిటర్ స్పీకర్ ఎదురుగా నిలబడితే ఊళ పెడుతుంది. పక్కకు జరగాలి, లేదా బాడీ మీద రంధ్రాలున్న రకమైతే వాటిలో స్పాంజి కుక్కాలి. పెళ్లి స్టేజీల మీద వాయించేవాళ్లకు ఇది రోజూ ఉండే గొడవే.

ప్రశ్న: కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్న 4.3 కిలోల గిటార్‌నే తేలిక చేయొచ్చా? (వరంగల్ నుంచి)

జవాబు: కీలతో మొదలుపెట్టండి. పాత రకం పెద్ద ఆకు కీలు ఒక్కొక్కటి సుమారు వంద గ్రాములుంటాయి. హిప్‌షాట్ అల్ట్రాలైట్, గోటో రెసోలైట్ లాంటివి అందులో సగం చిల్లర. నాలుగూ మారిస్తే 160 గ్రాముల దాకా తగ్గుతుంది. ఇంతేనా అనుకోకండి. అది భుజానికి చాలా దూరంగా, నెక్ చివర తగ్గే బరువు. అక్కడ అంత తగ్గించడమంటే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గర సుమారు రెండింతల బరువు చేర్చి తూగు నిలిపినట్టే. కొనేముందు హెడ్‌లో రంధ్రం వ్యాసం కొలవండి, గిటార్‌ను బట్టి మారుతుంది. చిన్నదైతే పెద్దది చేయించాలి. పెద్దదైతే అంచు ఉంగరాలు కావాలి.

బరువైన బ్రిడ్జ్ తీసేసి అల్యూమినియంది వేద్దామనుకుంటారు చాలామంది. ముందు తూగు చూడండి. నెక్ ఇప్పటికే వాలుతుంటే, బ్రిడ్జ్ తేలికైతే ఇంకా వాలుతుంది.

పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) కింద చెక్క తవ్వించడం దండగ పని. పది సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, మూడు లోతు గొయ్యి తీసినా ఆల్డర్ నుంచి పోయేది 110 గ్రాములే. తవ్విన చోట స్క్రూకు పట్టు పోతే, ఆ ఖర్చుతో వెడల్పు స్ట్రాప్ వచ్చేదే అనిపిస్తుంది.

స్ట్రాప్ 8 నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పు, లోపలి వైపు గరుకు తోలు ఉన్నది తీసుకోండి. బరువేమీ తగ్గదు, ఒత్తిడి ఎక్కువ చోటికి పరుచుకుంటుంది. సాగే నియోప్రీన్ స్ట్రాప్ మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది. ఆ తరవాత అడుగు అడుగుకీ గిటార్ ఊగుతుంటే, ఆ ఊపును ఆపేది మీ నడుమే. పొడవు కుర్చీలో కూర్చుని సరిచేయండి. వాయించే ఎత్తులో స్ట్రాప్ కొంచెం బిగువుగా ఉండాలి, లేచి నిలబడ్డా గిటార్ అక్కడే ఉండాలి. మోకాళ్ల దాకా వేలాడేస్తే ఫ్రెట్లు చూడ్డానికి మెడ వంచాల్సిందే.

గుండీ స్థానం మార్చాలంటే పాత రంధ్రంలో టూత్‌పిక్‌లు, చెక్క జిగురు కూరి ఒక రోజు ఆరనివ్వండి. కొత్తచోట స్క్రూ కన్నా సన్నటి డ్రిల్‌తో ముందు రంధ్రం వేయండి. నేరుగా బిగిస్తే పెయింట్ పగులుతుంది.

ప్రశ్న: హెడ్‌లెస్ బేస్ ఎలా ఉంటుంది? డాలస్ నుంచి ఏటా ఇండియాకు వస్తుంటాను, వెంట తీసుకురావాలి.

జవాబు: మీ ఇద్దరికీ, అంటే మీకూ విమానానికీ, అదే మేలు. హెడ్, కీలు లేకపోవడంతో నెక్ వాలడమనే సమస్యే చాలావరకు పోతుంది. పొడవు దాదాపు మీటరుకు వస్తుంది, మామూలుది 115 సెంటీమీటర్లు దాటుతుంది. గిటార్ల రూపకర్త నెడ్ స్టైన్‌బర్గర్ ఈ రకానికి పేరు తెచ్చాడు. ఇప్పుడు ఇబానెజ్ ఈహెచ్‌బీ సులువుగా దొరుకుతుంది. రెండు వైపులా గుండు ఉన్న ప్రత్యేక తీగలు కావాలా, మామూలువి సరిపోతాయా అని కొనేముందే అడగండి. ప్రత్యేకవి అయితే ఇండియాలో ఒక తీగ తెగితే వెతుక్కోవాలి, రెండు సెట్లు వెంట ఉంచుకోండి. తీగ బిగించే చిన్న అలెన్ కీ కూడా బ్యాగులోనే ఉండాలి. నెక్ చివర పట్టుకుని వేలాడదీసే స్టాండ్ దీనికి పనికిరాదు.

ప్రశ్న: గిటార్ 3.3 కిలోలే, అయినా నొప్పి తగ్గలేదు. (రాజమండ్రి నుంచి)

జవాబు: ఆంప్ ఎవరు మోస్తున్నారు? ఇరవై కిలోల కాంబోను (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) ఆటోలోంచి వంగి దించడం, గిటార్ మూడు గంటలు మోయడం కన్నా నడుముకు ప్రమాదం. హాల్లో పీఏ (సౌండ్ సిస్టమ్) ఉంటే, గిటార్‌ను దానికి నేరుగా కలిపే డీఐ బాక్స్ లేదా ప్రీఆంప్ పెడల్ చాలు, ఆంప్ ఇంట్లో వదిలేయండి. సొంత ఆంప్ తప్పదంటే క్లాస్ డీ ఆంప్ హెడ్ (స్పీకర్ లేని తేలిక ఆంప్) రెండు కిలోల చుట్టూ దొరుకుతుంది, స్పీకర్ నియోడిమియం అయస్కాంతంది తీసుకోండి. గట్టి పెట్టె బదులు రెండు భుజాలకూ తగిలే మెత్తటి బ్యాగు వాడండి. రిహార్సల్స్‌లో డ్రమ్మర్ స్టూలు లాంటి ఎత్తు స్టూలు మీద, స్ట్రాప్ తీయకుండానే కూర్చుని వాయించండి. స్ట్రాప్ తీస్తే నెక్ బరువు మళ్లీ ఎడమచేతి మీదికే వస్తుంది.