ఐఎంపీఎస్ చేశాక అమ్మినావిడ బ్లాక్ చేస్తే

ఇన్‌స్టాలో చూసిన చీరలకు ఐఎంపీఎస్‌లో (ఖాతా నుంచి ఖాతాకు అప్పటికప్పుడు డబ్బు పంపే పద్ధతి) 4,800 రూపాయలు పంపారు, అమ్మినావిడ బ్లాక్ చేసింది, డబ్బు వెనక్కి తేవడం కుదరదని బ్యాంకువాళ్లు అంటున్నారు. ఎందుకంటే అది మీరే పంపిన డబ్బు. అవతలి ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకోలేదు. కార్డుకుండే చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా చెల్లింపును వెనక్కి రప్పించుకునే వీలు) ఇందులో లేదు.

1. ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆవిడ రిప్లై ఇస్తుందేమోనని రెండు రోజులు చూస్తారు. ఈలోగా డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఇంకా ఖాతాలో ఉంటే దాన్ని ఆపించే వీలుంది.
2. చాట్ స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, రిఫరెన్స్ నంబరు కావాలి. యాప్‌లో ఆ లావాదేవీ నొక్కితే 12 అంకెలు కనిపిస్తాయి.
3. 1930లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు వేసి మీ బ్యాంకుకు రాసివ్వండి.

"రిఫండ్‌కి క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. డబ్బు రావడానికి స్కానూ, పిన్నూ అక్కర్లేదు.