సుగ్గి పిల్లల హాస్టల్ గురించి బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

డల్లాస్‌లో నువ్వూ నీ స్నేహితులూ డబ్బు పోగుచేసి, మన కర్నూలు జిల్లా కోసిగి వైపు సుగ్గికి, అంటే పంట కోతల కాలంలో కూలి కోసం ఊరొదిలి వేరే జిల్లాలకు పోయేవాళ్ల పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంత సంబరపడ్డానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఉద్యోగం కూడా మానేస్తానన్నావట. ఆ మాట మళ్లీ అనకు. నీ జీతం నీకుంటేనే నలుగురినీ గట్టిగా అడగగలవు.

ట్రస్టు డీడు, పాన్ కార్డు, పన్ను మినహాయింపు కాగితాలు, ఏటా ఆడిట్ — ఇవన్నీ ఆడిటరు చూసుకుంటాడు. పాస్‌పోర్టుల సంగతి మాత్రం నువ్వే చూడు. భారత పౌరులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. మామూలుగా మూడేళ్ల పని చూపిస్తేగానీ ఆ రిజిస్ట్రేషన్ ఇవ్వరు. అనుమతి ఉన్న సంస్థ ఆ డబ్బు మీ ట్రస్టుకు మళ్లించే దారిని ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ మూసేసింది. తెలియక చేశామంటే ఎవరూ వినరు, సంతకం నీది కదా తల్లీ, అదే నా భయం.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. నేను ఆదోని దగ్గర ఒక ఊళ్లో టీచరుగా ఉన్నప్పుడు, ఆ బడిలోనే చదివి పట్నాల్లో స్థిరపడినవాళ్లు కొందరు ఇలాగే హాస్టల్ పెట్టారు. మనసున్నవాళ్లే. తెచ్చిన డబ్బంతా స్లాబు గదులకూ, పేర్లు చెక్కిన పాలరాతి పలకకూ పెట్టేశారు. బియ్యం, కూరగాయలు, వంటమ్మ జీతం, రాత్రి పిల్లల దగ్గర పడుకునే ఆయమ్మ జీతం ఎక్కడినుంచి వస్తాయంటే చూద్దామన్నారు. మొదటి ఏడు గడిచింది. రెండో ఏడు సంక్రాంతి దాటగానే డబ్బు రావడం ఆగింది. వంటమ్మ కిరాణా కొట్లో అప్పు పెట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి గుంటూరు మిరప చేలల్లో ఉన్న తల్లిదండ్రులకు కబురు వెళ్లింది. వాళ్లు కూలి పోగొట్టుకుని వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. ఎనిమిదో తరగతిలో లెక్కలు నోటితోనే చేసేసే పిల్ల ఒకతె ఉండేది. పుస్తకాల సంచి నా బల్ల మీద పెట్టి, "దాచిపెట్టు టీచరమ్మా, వస్తాను" అంది. పంట అయిపోయింది, ఆ పిల్ల మాత్రం రాలేదు, పెళ్లి చేసేశారు. మరుసటేడు ఇల్లిల్లూ తిరిగితే, "మల్లా నడుమ తోలేస్తారు గదా" అని తలుపు దగ్గరే చెప్పేశారు. పిల్లల్ని మా చేతుల్లో పెట్టడానికి ఆ ఊరు చాలా కాలం ఒప్పుకోలేదు.

అందుకే బుజ్జీ, రెండు సుగ్గులకు సరిపడా తిండి, జీతాల డబ్బు బ్యాంకులో పడందే ఒక్క పిల్లనీ చేర్చుకోకు. ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లకు దండం పెట్టు, కానీ నెలనెలా చిన్న మొత్తం ఇచ్చేవాళ్లనే ఎక్కువమందిని వెతుక్కో. గదులు కట్టకు. సమగ్ర శిక్ష అనే బడి చదువుల పథకం కింద ప్రభుత్వమే, ఇలా వలసపోయేవాళ్ల పిల్లల కోసం ఆ కొన్ని నెలలకు సీజనల్ హాస్టళ్లు పెడుతుంది. ముందు ఎంఈవో (మండల విద్యాధికారి) దగ్గరికి వెళ్లి ఎక్కడ ఉన్నాయో, ఎక్కడ లేవో కనుక్కో. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనికిపోయే పిల్లల్ని క్యాంపుల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో సర్కారు బడిలోనే చేర్చింది. ఆవిడకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మీరూ ఆ బడినే పట్టుకోండి. స్కూలు కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. వాళ్లను కూర్చోబెట్టి లెక్కలు చూపించు. ఆడపిల్లలు పడుకునే గదికి లోపలి గడియ, దగ్గరలో మరుగుదొడ్డి, రాత్రంతా ఉండే ఆయమ్మ, ఈ మూడూ లేకుండా నన్ను అడగనే అడగకు. పిల్లల చేత దండలు వేయించుకుని ఫొటోలు దిగొద్దు.

కోప్పడుతున్నానని అనుకోకు. మన ఇంటి పిల్ల ఆ పిల్లల్ని తలుచుకుందని ఇక్కడ కనిపించినవాళ్లందరికీ చెప్పాను. టికెట్ సంక్రాంతికి తీస్తున్నావట, అప్పటికి ఊళ్లో సగం ఇళ్లకు తాళాలుంటాయి. దీపావళికి ముందే రా, తల్లులను కలుద్దాం. నీ స్నేహితుల్లో ఎవరిది ఏ పాస్‌పోర్టో, నెలకు ఎంతిస్తారో రాయించుకుని తీసుకురా.

నీ పెద్దమ్మ