మూడు గ్రూపులకు పంపాను

ప్రశ్న: సిరొంచలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. పోయిన వారం మా వీధి వాట్సాప్ గ్రూపులో గాజులమ్మే ఒకామె ఫొటో వచ్చింది. ‘పిల్లలను ఎత్తుకుపోయే ముఠా మనిషి, జాగ్రత్త’ అని కింద రాసి ఉంది. అప్పటికే ఇరవైమంది తామూ పంపామన్నారు. నేనూ మూడు గ్రూపులకు పంపాను. సాయంత్రం బస్టాండులో ఆమెను చుట్టుముట్టి గాజుల మలారం లాగేశారు. గాజులన్నీ చిట్లిపోయాయి. పోలీసులు వచ్చి విడిపించారు. ఆ పొద్దునే ఆమె నా దగ్గర పావుకిలో అటుకులు కొన్నది. నేనొక్కడినే కాదు కదా అని సర్దిచెప్పుకుంటున్నా నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, గడ్చిరోలి జిల్లా

జవాబు: బాబూ, మీ ఉత్తరంలో నన్ను కుదిపేసింది అటుకుల మాట. తూచి పొట్లం కట్టింది మీరు, ఆమె ముఖం చూసి చిల్లర ఇచ్చింది మీరు. అయినా ఇరవైమంది చెప్పేసరికి మీ కళ్లను మీరే నమ్మలేదు. మా చిన్నతనంలో గాజులామె వాకిట్లో మలారం దింపితే అమ్మ ముందు మంచినీళ్లు ఇచ్చేది, బేరం తర్వాతే.

1951లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే పరీక్షించాడు. ఒక గీత చూపించి, దానికి సమానమైనది పక్కనున్న మూడు గీతల్లో ఏదో చెప్పమన్నాడు. ముందే మాట్లాడుకున్నవాళ్లంతా కావాలని తప్పు చెబితే, సంగతి తెలియనివారు కూడా దాదాపు మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పే పలికారు. గుంపులో ఒక్కడు సరిగ్గా చెప్పినప్పుడు మాత్రం వాళ్ల తప్పులు బాగా తగ్గాయి. మీ గ్రూపులో ఆ ఒక్కరు మీరు కావలసింది.

2018 జులై 1న మన మహారాష్ట్రలోనే, ధూళే జిల్లా రైన్‌పాడాలో, ఇలాంటి పుకారు నమ్మి షోలాపూర్ వైపు నుంచి వచ్చిన ఐదుగురు సంచార జాతివారిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి ప్రకటించింది. మీరు పంపింది మూడింటికే. ఆ కట్టడి మిమ్మల్ని ఆపలేదు. ‘నేనొక్కడినే కాదు కదా’ అని మలారం లాగినవాళ్లూ అనుకుని ఉంటారు.

సందేశం తుడిచేసి ఊరుకోకండి. ఆ మూడు గ్రూపుల్లోనూ, మీ వీధి గ్రూపులోనూ మీ పేరుతో రాయండి: ‘ఆమె గాజులమ్ముకునే మనిషి. పొద్దున నా కొట్లో అటుకులు కొన్నది. తెలిసీ తెలియని మాట పంపాను, తప్పు నాది.’ తిట్టేవాళ్లు తిడతారు, పడండి. ఇక ముందు ఎవరిమీద అనుమానం వచ్చినా 112కు ఫోను చేయండి. పోలీసు స్టేషనుకు వెళ్లి, ఆమెకు కబురు అందించమని అడగండి. చిట్లిన గాజుల ఖరీదు మీ చేతులతో ఇవ్వండి. తీసుకుంటుందా, లేదా అన్నది ఆమె ఇష్టం.