మొద్దు కోసే పళ్లు: పాతవి చూసి కొత్తవి కొనండి

ప్రశ్న: మాది నార్పల మండలం. వేరుకుళ్లు తగిలిన ముసలి చీనీ చెట్లు కొట్టించి, మొద్దులు తీయడానికి ట్రాక్టర్ పీటీఓతో (వెనక తిరిగే షాఫ్ట్‌తో) నడిచే స్టంప్ గ్రైండర్, అంటే పళ్లున్న చక్రంతో మొద్దును తురిమే యంత్రం తెచ్చుకున్నాం. తోట సగం కాకముందే పళ్లు మొండిపోయాయి, కొన్నింటికి కొస ఊడిపోయింది. అంగట్లో రకరకాల పళ్లు చూపిస్తున్నారు. ఏవి కొనాలి?
- చీనీ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అంగడికి పోకముందే పాత పళ్లన్నీ విప్పి, కడిగి, చక్రం మీద ఏది ఎక్కడ ఉండేదో ఆ వరుసలోనే పేర్చండి. ఎందుకు పాడయ్యాయో తెలిస్తేనే ఏం కొనాలో తెలుస్తుంది. ఉక్కు కాడ కొసన అతికిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కే అసలు కోసేది. అది ఉక్కు కంటే చాలా గట్టిది, కానీ పెళుసు. చెక్కను బాగా తట్టుకుంటుంది, రాయి తగిలితే పెచ్చులూడుతుంది.

అంచు గుండ్రంగా, నున్నగా, అన్ని పళ్లకూ ఒకే తీరుగా అరిగి ఉంటే అది మామూలు అరుగుదలే. అదే రకం మళ్లీ కొనుక్కోవచ్చు. అంచు గంట్లు పడి ఉంటే రాళ్లు తగిలాయన్నమాట. అలాంటి నేలకు పలచని, పదునైన కొస పనికిరాదు. కార్బైడ్ మందంగా, అంచు కోణం కాస్త మొద్దుగా ఉన్నవి అడగండి. కోత కొంచెం నెమ్మదిస్తుంది గానీ పళ్లు నిలుస్తాయి.

కొస మొత్తం ఊడిపోయిన పళ్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. కార్బైడ్ కూర్చున్న చోటు వెనకాల ఉక్కు తొలిచినట్టు అరిగి ఉందా? అది గరుసు, ఇసుక చేసిన పని. కార్బైడ్ అరగకున్నా దాన్ని మోసే ఉక్కు అరిగిపోయి కొస రాలిపోతుంది. కాడ కంటే కార్బైడ్ వెడల్పుగా, ముందుకు వచ్చి ఉన్న పళ్లు దీనికి మేలు. ఉక్కు నీలంగా, నల్లగా మాడి ఉంటే మొండి పళ్లతోనే గంటల తరబడి నడిపారని అర్థం. ఆ వేడికి బ్రేజింగ్ (కార్బైడ్‌ను ఉక్కుకు పట్టి ఉంచే లోహపు అతుకు) మెత్తబడి కొస జారిపోతుంది. ఇది పంటి తప్పు కాదు. ఈ రెండూ కాకుండా ఉక్కు బాగానే ఉండి, అతుకు సగం చోటే పట్టి ఉంటే మాత్రం నాసిరకం సరుకు. ఎంత చౌకగా ఇచ్చినా ఆ రకం మళ్లీ తీసుకోవద్దు.

మీ ఎర్ర గరుసు నేలల్లో, పలుగురాళ్ల మధ్య పెచ్చులూడటం, ఉక్కు తొలవడమే ఎక్కువ ఉంటుంది. అందుకే మందం కొస ఉన్నవే మీకు సరిపోతాయి. గుండ్రటి కొస ఉన్న తిప్పుడు పళ్లూ దొరుకుతాయి. ఒక అంచు మొండిపోతే బోల్టు వదులు చేసి తిప్పి మళ్లీ బిగిస్తే ఇంకో అంచు వస్తుంది, ఇలా ఒక్కో పంటికి మొత్తం మూడు అంచులు. పదును పెట్టే పని లేదు. కాకపోతే వాటికి వేరే హోల్డర్లు (పళ్లను చక్రానికి పట్టి ఉంచే దిమ్మెలు) కావాలి, మొదటి ఖర్చు ఎక్కువ. ఊరూరా అద్దెకు తిప్పేవాళ్లకు అది త్వరగానే తిరిగొస్తుంది. సొంత తోట మట్టుకే అయితే ఉన్న హోల్డర్లకు సరిపోయేవి కొనుక్కోవడమే నయం.

సైజు దగ్గర అందాజు పనికిరాదు. కాడ మందం టేపుతో కాదు, మిల్లీమీటరులో వంతులు కూడా చూపే వెర్నియర్‌తో కొలవండి. ముప్పావు అంగుళం కాడ 19.05 మిల్లీమీటర్లు. దాన్ని 20 మిల్లీమీటర్ల హోల్డర్‌లో పెడితే ఎంత బిగించినా కదులుతూనే ఉంటుంది, చివరికి హోల్డర్ కూడా పాడవుతుంది. మొత్తం పొడవు, వంపు కోణం కూడా రాసుకోండి. తిన్నని పళ్లు ఎన్ని, ఎడమకు వంగినవి ఎన్ని, కుడికి వంగినవి ఎన్ని అని విడివిడిగా లెక్కపెట్టండి. చక్రం పక్కలకు ఊగుతూ కోస్తుంది కాబట్టి వంపు పళ్ల మీదే బరువు ఎక్కువ, అవే ముందు అరుగుతాయి. అవి రెండు జతలు ఎక్కువ తెచ్చుకోండి. ఎడమవి కుడి వైపు బిగిస్తే గాడి ఇరుకై, చక్రం చెంపే చెక్కకు రాసుకుని పొగ వస్తుంది.

అరిగిన వరుసలో ఒకే ఒక్క కొత్త పన్ను పెట్టొద్దు. అది నాలుగైదు మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చి దెబ్బలన్నీ తానే తింటుంది, త్వరగా విరుగుతుంది. మారిస్తే మొత్తం సెట్టు మార్చండి. కుదరకపోతే చక్రానికి ఎదురెదురుగా ఉన్న జత మార్చండి, లేకపోతే తూకం తప్పి బేరింగులు పోతాయి. పాత వాటిలో బాగున్నవి పారేయొద్దు, రాళ్లు ఎక్కువున్న మొద్దులకు ఒక సెట్టుగా అట్టిపెట్టుకోండి.

పదును పెట్టించాలంటే మామూలు బూడిద రంగు గ్రైండింగ్ రాయి కార్బైడ్‌ను కోయదు, ఉక్కునే తినేస్తుంది. పచ్చ రాయి గానీ డైమండ్ వీల్ గానీ కావాలి. వేడెక్కిన పన్నును నీళ్లలో ముంచితే కార్బైడ్ పగులుతుంది. ఆ ధూళిలో కోబాల్ట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. మాస్కు లేకుండా ఎవరినీ ఆ పనికి కూర్చోబెట్టొద్దు.

ఎంత మంచి పళ్లు కొన్నా మొద్దు చుట్టూ మట్టి తవ్వకుండా చక్రం దించితే ఇదే గతి. గడ్డపారతో చుట్టూ ఒక జానెడు మట్టి, రాళ్లు లాగేయండి. డ్రిప్ పైపులు, ఊతకు కట్టిన తీగలు, మేకులు ఏరేయండి. ఒక్కో ఊపుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి దించకండి. పొట్టు తునకలుగా రాలుతుంటే పళ్లు బాగున్నట్టు. పిండిలా రాలుతూ, యంత్రం అదురుతుంటే ఆపి చూడాల్సిందే.

ప్రశ్న: ప్రొద్దుటూరు చుట్టుపక్కల గ్రైండర్ అద్దెకు నడుపుతున్నాం. కొత్త పళ్లు వేసిన రోజే బోల్టులు వదులవుతున్నాయి, రెండు తెగిపోయాయి. ఎందుకు?
- యంత్రం యజమాని, కడప జిల్లా

జవాబు: మొదట బోల్టు తల మీద దాని బలం తెలిపే గుర్తు చూడండి. మిల్లీమీటర్ల బోల్టుకు 8.8, 10.9, 12.9 అని అంకె ఉంటుంది, అంగుళాల బోల్టుకు అంకె బదులు గీతలుంటాయి. ఏ గుర్తూ లేనిది ఆ చోట పెట్టకూడదు. అసలు బోల్టు 10.9 అయితే 8.8తో సరిపెట్టుకోవద్దు. ఇంకో చిక్కు మర దగ్గర. ఎం16 బోల్టు, ఐదెనిమిదో వంతు అంగుళం బోల్టు చేతిలో ఒకేలా ఉంటాయి. మొదటిది 16, రెండోది 15.875 మిల్లీమీటర్లు. ఎం16 మామూలు మరకు పిచ్, అంటే మర గాట్ల మధ్య దూరం, 2 మిల్లీమీటర్లు, అంగుళం సన్నమరకు 1.41. ఒకదాని చోట ఇంకోటి పెడితే రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. పన్ను బిగిసిందనుకుంటాం, నిజానికి మర ఇరుక్కుంది. బయటికి తీసి పిచ్ గేజ్‌తో చూడండి.

హోల్డర్‌లో పాత పొట్టు, జిగురు, తుప్పు ఉంటే పన్ను దాని మీద కూర్చుంటుంది. నడుస్తుంటే ఆ పొర నలిగి బోల్టు వదులవుతుంది. వైరు బ్రష్‌తో తళతళలాడేదాకా గోకండి. బిగింపు, ఎంత బలం పడుతోందో చూపే టార్క్ రెంచ్‌తో, మీ యంత్రం పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారమే చేయండి. పుస్తకం లేకపోతే నూనె తగలని ఎం16కు 8.8 అయితే సుమారు 200, 10.9 అయితే సుమారు 300 న్యూటన్ మీటర్లు వాడుకలో ఉన్న లెక్క. నూనె రాస్తే ఇంత బిగించకూడదు, బోల్టు సాగుతుంది. అరగంట నడిపాక ఆపి అన్నీ మళ్లీ బిగించండి. ఒకసారి సాగిన బోల్టును ఇక వాడొద్దు.

పళ్ల దగ్గర చేయి పెట్టేముందు ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, పీటీఓ షాఫ్ట్ విప్పి, చక్రం తిరగకుండా చెక్క దిమ్మె అడ్డం పెట్టాలి. ఎంత తొందరున్నా ఇది తప్పనిసరి.

ప్రశ్న: చింత మొద్దు తీయించాం. ఆ పొట్టు గుంతలోనే నింపి మామిడి నాటొచ్చా?
- ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: వద్దు. పచ్చి పొట్టు మట్టిలో కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్క పాలిపోతుంది. కుళ్లేకొద్దీ నేల దిగబడి మొక్క ఒరుగుతుంది, చెదలూ చేరతాయి. పొట్టంతా తీసి పేడతో కలిపి విడిగా కుప్ప వేసి మాగనివ్వండి. గుంతలో కొత్త మట్టి, మాగిన పశువుల ఎరువు నింపండి. వీలైతే మామిడిని పాత చోటుకు రెండు మూడు అడుగులు పక్కకు నాటండి.