షాపు వెబ్‌సైట్ గూగుల్‌లో కనబడట్లేదు, ఎస్‌ఈఓ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి మూడు. చీరల షాపుకి సైట్ పెట్టి రెండు నెలలైనా గూగుల్‌లో రావట్లేదు. కీవర్డ్, ఇండెక్సింగ్, బ్యాక్‌లింక్, డీఏ అంటూ వీడియోల్లో చెప్పేవి ఒక్కటీ బుర్రకెక్కట్లేదు. మొదటి పేజీ గ్యారంటీ అంటూ ఇరవై వేలు అడుగుతున్నవాళ్లకి డబ్బు కట్టాలా? మూడోదానికి జవాబు ఇప్పుడే చెప్పేస్తాను: కట్టకండి. ఎందుకో కింద రాస్తాను.

విజయవాడ చుట్టుపక్కల చిన్న షాపులకి నేను ఈ ఎస్‌ఈఓ పని, అంటే సైట్ గూగుల్ సెర్చ్‌లో కనబడేలా చేసే పని, చేసి పెడుతుంటాను. ర్యాంకు రావట్లేదని నా దగ్గరికొచ్చే సైట్లలో చాలావాటి సంగతి గూగుల్‌కి అసలు తెలియనే తెలియదు. కాబట్టి ముందు మూడు మాటలు వరుసలో పట్టుకోండి. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం లింకుల వెంట పోతూ పేజీలు చదవడం క్రాలింగ్. చదివినదాన్ని తన దగ్గర నమోదు చేసుకోవడం ఇండెక్సింగ్. ఎవరైనా వెతికినప్పుడు ఆ నమోదైనవాటిలో ఏది ముందు చూపించాలో తేల్చడం ర్యాంకింగ్. మొదటి రెండూ జరగకుండా మూడోదాని కోసం టెన్షన్ పడి లాభం లేదు.

మీ సైట్ నమోదైందో లేదో ఇప్పుడే చూడొచ్చు. గూగుల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు కొట్టండి. మీ పేజీలు వరుసగా వస్తే సరే. ఏమీ రాలేదా, మీ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టింది అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోటికి వెళ్లండి. సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయొద్దని చెప్పే టిక్ బాక్స్ ఒకటి ఉంటుంది. మంగళగిరిలో ఒక చేనేత షాపు సైట్‌కి జరిగిందదే. సైట్ కట్టేటప్పుడు ఎవరికీ కనబడకూడదని డిజైనర్ ఆ టిక్ పెట్టాడు, అప్పజెప్పేటప్పుడు తీయడం మర్చిపోయాడు. ఓనరు ఈలోపు ప్రకటనల మీద డబ్బు పోస్తూనే ఉన్నాడు. ఆ టిక్ పేజీల్లోకి ‘నోఇండెక్స్’ అనే ఆదేశం పంపుతుంది. రోబోట్స్ ఫైల్ వేరు, అది బాట్‌ని లోపలికే రావొద్దంటుంది. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. తలుపే మూసేస్తే లోపల రాసిన నోఇండెక్స్ బాట్‌కి కనబడదు కూడా.

తర్వాత సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ టూల్‌లో సైట్‌ని చేర్చి సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల జాబితా, ఇవ్వండి. ఉచితమే. ఏ పేజీ ఇండెక్స్ అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నీ అక్కడే చెప్తుంది. నన్నడిగితే కొత్తవాళ్లకి ఇంతకుమించిన పాఠ్యపుస్తకం లేదు.

మన తెలుగువాళ్లకి ఉండే తంటా ఇంకోటుంది. పాంప్లెట్ మ్యాటర్ డీటీపీలో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు. దాన్ని సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే ఆ ఫాంట్ తీసేస్తే అడుగున ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. దాంతో డిజైనర్ మ్యాటరంతా ఫొటోగా మార్చి పెట్టేస్తాడు. కంటికి బాగానే ఉంటుంది, కానీ ముఖ్యమైన మ్యాటర్ బొమ్మల్లో పెట్టొద్దని గూగులే చెప్తుంది. యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మనం తెలుగు కొట్టే పద్ధతిలో, మళ్లీ కొట్టించండి. ఫొటోలకి ఆల్ట్ టెక్స్ట్ అని ఒకటి ఉంటుంది, బొమ్మలో ఏముందో అక్కడ మామూలు మాటల్లో రాస్తే చాలు.

ఇక కీవర్డ్. ఇంతకీ అది కొనేవాడు సెర్చ్‌లో కొట్టే మాట, అంతే. ఆ మంగళగిరి షాపు హోమ్ పేజీలో ‘మా అపురూప కలెక్షన్లు’ అని రాసుకున్నారు, టైటిల్‌లో ఉత్త ‘హోమ్’ అని ఉంది. అపురూప కలెక్షన్లు కావాలని ఎవరు వెతుకుతారు? నిజాం బోర్డర్ అనీ, మంగళగిరి కాటన్ డ్రెస్ మెటీరియల్ అనీ కొడతారు, అదీ ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో. రకానికో పేజీ పెట్టి, టైటిల్‌లో ఆ మాటలే వేయించాను. సెర్చ్ కన్సోల్‌లో అప్పుడు కదలిక మొదలైంది. ఏ మాట వాడాలో తెలియకపోతే సెర్చ్ బాక్స్‌లో సగం కొట్టి ఆగండి, మిగతాది గూగుల్ సూచిస్తుంది. అలాగని ఒకే మాటని పేరాకి పదిసార్లు దట్టించకండి. మెటా డిస్క్రిప్షన్, అంటే పేజీ గురించి సెర్చ్‌లో టైటిల్ కింద చూపించడానికి రాసే చిన్న వివరణ, ర్యాంకు పెంచదు, క్లిక్ చేయించడానికి పనికొస్తుంది. పేజీ కోడ్‌లో కీవర్డ్‌లు రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని తాను అసలు చూడనని గూగుల్ 2009లోనే చెప్పేసింది, అయినా దాన్ని నింపడానికి ఇప్పటికీ డబ్బులు తీసుకునేవాళ్లున్నారు!

బ్యాక్‌లింక్ అంటే వేరే సైట్ నుంచి మీ సైట్‌కి వచ్చే లింకు. ఎవరు ఎవరికి లింకు ఇస్తున్నారో చూసి పేజీ విలువ కట్టడమే 1998లో గూగుల్ మొదలైనప్పుడు దాని అసలు బలం. దాంతో లింకులు అమ్మే దుకాణాలు వెలిశాయి. వాటిని కొట్టడానికి 2012లో పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చింది. మీకు గ్యారంటీ ఇస్తున్నవాళ్లు ఇరవై వేలకి ఇచ్చేది బహుశా ఆ లింకులే. వాళ్లు చూపించే డీఏ (డొమైన్ అథారిటీ) అంకె మోజ్ అనే కంపెనీ సొంత లెక్క, గూగుల్‌కి దాంతో పని లేదు. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. మార్పుల ఫలితం కనబడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా చెప్పింది, కాబట్టి రెండు నెలలకే కంగారు పడకండి.

షాపుకి బోర్డు, అడ్రసు ఉన్నాయి కదా, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఈ వారమే పెట్టండి. దగ్గర్లో చీరల షాపు ఎక్కడుందని వెతికేవాళ్లకి మ్యాప్‌లో మీరు కనబడటం, నా లెక్కలో, సైట్ కన్నా ముందు పని. ఆ ఇరవై వేలలో కొంత పెట్టి చీరలకి మంచి ఫొటోలు తీయించండి. ఒక్కో చీర పేజీలో పొడవెంత, జాకెట్ ముక్క ఉందా, రంగు పోతుందా, ఎలా ఉతకాలి అన్నీ రాయించండి. షాపుకి ఫోన్ చేసినవాళ్లు అడిగేవి అవే, సెర్చ్‌లో కొట్టేవీ అవే.