మేనల్లుడికి, మొదటి హెలికాప్టర్ గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రిమోట్ హెలికాప్టర్ కొనాలనుకుంటున్నానని, ఏది మంచిదో చెప్పమని రాశావు. నువ్వు పంపిన ఫొటోల్లో తలకిందులుగా కూడా ఎగిరే ఆ పెద్దదాని మీదే నీ మనసు ఉందని అర్థమైంది. దాన్ని మాత్రం ఇప్పుడు కొనవద్దు.

నేను మొదట కొన్నది అలాంటిదే. 450 సైజు అంటారు. ఒక్కో రెక్క 325 మిల్లీమీటర్లు, తిరిగినప్పుడు రోటర్ (పైన తిరిగే రెక్కల చక్రం) వ్యాసం దాదాపు 70 సెంటీమీటర్లు. డాబా మీద నేల విడిచిన పది సెకన్లలోపే పిట్టగోడకు తగిలింది. రెక్కలు, ఇరుసు, తోక గొట్టం అన్నీ విరిగాయి. ఒక రెక్క ముక్క మెట్లగది తలుపులో గుచ్చుకుంది. మీ అత్తయ్య అప్పుడే ఆ తలుపు తెరిచి వచ్చి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయం వేస్తుంది. విడిభాగాలు రావడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నాకు ఒక్క నిమిషం కూడా సాధన లేదు.

అందుకే రోజుకు ఇరవైసార్లు పడినా మళ్లీ లేచేదే నీకు కావాలి. 30, 40 గ్రాముల హెలికాప్టర్ గోడకు కొట్టుకున్నా పెద్ద దెబ్బ తగలదు. ఆ తేలికదనమే దానికి రక్షణ.

ఛానెల్ అంటే రిమోట్‌తో విడిగా నడిపే ఒక్కో రకం కదలిక. బొమ్మల దుకాణాల్లో దొరికే మూడు ఛానెళ్లవి పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ వెళతాయి, తిరుగుతాయి. పక్కకు మాత్రం జరగవు. వాటిలో చాలావరకు ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌తో పనిచేస్తాయి, ఎండలో మొరాయిస్తాయి. వాటిని వదిలెయ్యి. ఒకదానిమీద ఒకటి రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగే నాలుగు ఛానెళ్ల రకం చాలా స్థిరంగా ఉంటుంది. కానీ కాస్త గాలి వీస్తే కొట్టుకుపోతుంది. చిన్న పిల్లలకైతే అదే కొనిపెడతాను.

నీకు సరిపోయేది ఒకే రోటరుతో, నాలుగు ఛానెళ్లతో, రెక్కల కోణం మారకుండా ఉండే రకం. డబ్ల్యూఎల్‌టాయ్స్ వీ911 ఆ కోవలోదే. నేను అసలు నేర్చుకున్నది దానిమీదే. ఇందులో రోటర్ వేగం పెంచితే పైకి లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. నువ్వు మోజుపడ్డ రకంలో వేగం దాదాపు ఒకేలా ఉంటుంది, రెక్కల కోణమే మారుతుంది. అందుకే అది వేలి కదలికకు వెంటనే స్పందిస్తుంది. పట్టు దొరికినవాడికి అది వరం, కొత్తవాడికి అదే ప్రమాదం. ఎత్తును తానే నిలుపుకునేవి కూడా ఈ మధ్య వస్తున్నాయి. అవి చెడ్డవి కావు, కానీ థ్రాటిల్‌ను, అంటే రోటర్ వేగం పెంచి తగ్గించే మీటను, వేలితో పట్టి ఉంచే విద్య వాటితో రాదు. నువ్వు ఆ విద్య నేర్చుకోవాలని నా కోరిక.

కొనేముందు హెలికాప్టర్ ధర కంటే ముందు విడిభాగాల సంగతి చూడు. ప్రధాన రెక్కలు, తోక రెక్క, పెద్ద పళ్లచక్రం, ఇరుసు ఇవి నాలుగూ విడిగా దొరకకపోతే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది అయి ఉండాలి. మోడ్ 2 అడుగు. అందులో థ్రాటిల్ ఎడమచేతి వైపు ఉంటుంది, మన దగ్గర ఎక్కువమంది వాడేది అదే. బ్యాటరీ ఒక్కటి చాలదు. ఒక్కోటి ఆరేడు నిమిషాలే వస్తుంది కాబట్టి కనీసం మూడు ఉంచుకో. ఒక్కో విడత తర్వాత మోటారు చల్లారనివ్వు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు, పరుపు మీద పెట్టవద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చెయ్యనే వద్దు.

మొదట హాల్లో ఫ్యాను, ఏసీ ఆపి మొదలుపెట్టు. తోక నీవైపు ఉండేలా నేలమీద ఉంచు. చీలమండ ఎత్తులో తడబడుతూ ఎగరేయవద్దు. రోటర్ కిందికి తోసిన గాలి నేలకు తగిలి తిరిగొచ్చి దాన్ని అటూఇటూ నెడుతుంది. మోకాలి ఎత్తు దాటితే కుదురుకుంటుంది. అక్కడ ఒక బ్యాటరీ అయ్యేవరకు కదలకుండా నిలపగలిగాక పక్కకు తిప్పి నిలుపు. ముక్కు నీవైపు తిప్పడం అన్నిటికంటే చివర, ఎందుకంటే అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. నాకు దానికే రెండు నెలలు పట్టింది. పడబోతోందని అనిపించిన క్షణమే థ్రాటిల్ పూర్తిగా తగ్గించు. రెక్కలు దేనికో అడ్డుపడి ఉండగా మోటారుకు కరెంటు అందుతూ ఉంటే అది కాలిపోతుంది.

ఆరుబయటకు వెళ్లాలంటే తెల్లవారుజామే మంచిది. మధ్యాహ్నానికి మీ విశాఖలో సముద్రపు గాలి మొదలవుతుంది. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాములు మించనివి నానో వర్గంలోకి వస్తాయి, వాటికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా అక్కడ నౌకాదళ విమాన స్థావరం ఉంది. దాని దరిదాపుల్లో ఎగరేయవద్దు.

దసరాకు వస్తున్నాను. నా దగ్గర మిగిలిన వీ911 రెక్కలు రెండు జతలు తెస్తాను. ఈలోగా హాల్లో గాజు సామాను ఎక్కడ సర్దాలో అమ్మను అడిగి ఉంచు.

మీ మామయ్య